ప్రిఫర్ అంటే ఇష్టపడటం ఒక్కటేనా?



ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరబోతున్న ఒక చెల్లి మొన్న ఇక్కడ అడిగింది. "ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతున్నా, రెండ్రోజుల్లో పోతున్నాయి, మీరంతా ఎలా నేర్చుకున్నారు?" అని. కింద చాలామంది యాప్‌ల పేర్లు పెట్టారు. రోజుకి పది మాటలు, వారానికి డెబ్భై, అలా లెక్కలు కూడా వేశారు. మేం కూడా నాలుగు లైన్లు రాద్దామని కూర్చున్నాం. రాస్తూ ఉంటే ఒక కాయితం సంగతి చెప్పక తప్పలేదు, అది చెప్పాలంటే ముందు నోటుబుక్కు సంగతి చెప్పాలి. అందుకే పోస్టు పెద్దదయ్యింది. ఓపికున్నప్పుడు చదవండి.

మేమంటే ఐదుగురం. గోదావరి ఒడ్డున ఒక టౌనులో గిరిజన బాలికల హాస్టల్లో ఒకే రూములో ఉంటాం. ఇద్దరం చింతూరు వైపు కోయలం, ఒకరిది మారేడుమిల్లి వైపు కొండరెడ్ల ఊరు, ఒకరు పాడేరు వైపు భగత, ఒకరు సీతంపేట వైపు సవర. ఐదుగురిళ్ళల్లోనూ మా కంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్ళు లేరు. మా ఇళ్ళల్లో చదువు అంటే ఆశ్రమ పాఠశాల, అక్కడితో సరి. తర్వాత తునికాకు, జీడితోట, పెళ్ళి.

పన్నెండో క్లాసు దాకా మాది తెలుగు మీడియం. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. అంటే జూన్‌లో తెలుగు పుస్తకం మూసి, రెండు మూడు నెలల్లో ఇంగ్లీషు పుస్తకం తెరిచాం. ఎకనామిక్స్ మొదటి పేజీలో తెలియని మాటల కింద పెన్సిల్ గీతలు పెడితే పేజీ మొత్తం చారలొచ్చాయి. ఇంకో సంగతి బయటివాళ్ళకి తట్టదు. మాకు తెలుగు కూడా బళ్ళోనే వచ్చింది. ఇంట్లో కోయ, సవర, బళ్ళో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడో భాషకి రెండో భాష భుజం మీద చెయ్యేసి నడవాలి. ఆ రెండోది కూడా అప్పుడప్పుడు తూలుతుంది.

ఎలాగంటే, రూములో ముందు బ్యాచ్ అక్కలు వదిలేసిన పాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటుంది. అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. దాంట్లో 'రిలక్టెంట్' చూశాం. 'విముఖమైన' అని ఉంది. విముఖమైన అంటే ఏంటో మాలో ముగ్గురికి తెలీదు. ఇప్పుడు తెలుగు మాటకి తెలుగు నిఘంటువు వెతకాలి! సరే అని ఫోన్లో ఇంగ్లీషు-ఇంగ్లీషు చూశాం. 'రిలక్టెంట్' కి 'అన్‌విల్లింగ్, హెజిటెంట్' అనుంది. 'హెజిటెంట్' నొక్కితే 'అన్‌సర్టెన్', అది నొక్కితే 'డౌట్‌ఫుల్'. అడవిలో తెలియని బాట పట్టి తిరిగి తిరిగి అదే చింతచెట్టు కిందకొచ్చినట్టుంది.

మా ఇంగ్లీషు లెక్చరర్ మేడమ్‌కి ఇది చెప్తే ఆవిడ నవ్వి, నిఘంటువుల్లో రెండు జాతులున్నాయమ్మా అన్నారు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళ కోసం రాసినవి ఒక రకం, బయటి నుంచి నేర్చుకునేవాళ్ళ కోసం రాసినవి ఇంకో రకం. రెండో రకం పుట్టుకకి మన దేశంతో సంబంధం ఉందట. మైఖేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన ఢాకాలో టీచర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీలో పనిచేశాడు. అప్పుడు ఢాకా బెంగాల్లో ఊరే. అక్కడి పిల్లలు ఇంగ్లీషు చదవడానికి పడే తిప్పలు చూశాడు. 1935లో ఆయన తెచ్చిన నిఘంటువులో అర్థాలన్నీ 1490 మాటలతోనే చెప్పాడు. ఆ 1490 వస్తే చాలు, మిగతా ఏ అర్థమైనా చదువుకోవచ్చు. తర్వాత హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో పాఠాలు చెప్తూ ఒకటి తయారుచేశాడు, 1942లో అక్కడే అచ్చయింది. ఇప్పుడు మన షాపుల్లో దొరికే లావుపాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని నుంచి వచ్చిందే. 1987లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి కొబిల్డ్ అని ఇంకొకటి వచ్చింది. అందులో అర్థాన్ని టీచరమ్మ ఎదురుగా కూర్చుని చెప్పినట్టు పూర్తి వాక్యంలో చెప్తారు. "నువ్వు ఒక పనికి రిలక్టెంట్‌గా ఉన్నావంటే, ఆ పని చెయ్యడానికి నీకు మనసొప్పడం లేదు" అనే పద్ధతి. మేడమ్ తన ఇంట్లో ఉన్న లర్నర్స్ డిక్షనరీ ఒకటి మాకిచ్చారు. సగం కష్టం అక్కడే తీరింది.

మిగతా సగం ఉదాహరణ వాక్యాలు. అర్థం పక్కన ఒక వాక్యం ఇస్తారు కదా, మాట గుర్తుండేది దానివల్లే. కానీ ఆ వాక్యాల్లో మంచు కురుస్తుంది, ఎవరో పియానో వాయిస్తారు, ఇంకెవరో సెలవులకి సముద్రం దాటి వెళ్తారు. మంచు మా పాడేరు అమ్మాయికి తెలుసు, లంబసింగి ఆమెకి దగ్గరే. మిగతావాళ్ళం ఆ వాక్యం అర్థం చేసుకోవడానికి ఇంకో మూడు మాటలు వెతకాలి. పోయిన మాట వెతకడానికి వెళ్ళి ఇంకో మూడు పోగొట్టుకొని వచ్చినట్టు.

అప్పుడు నోటుబుక్కు పెట్టాం. రాత్రి మెస్‌లో అన్నం తిన్నాక, తొమ్మిది నుంచి పదింటి దాకా. రోజుకి ఐదే మాటలు. అర్థం డిక్షనరీ నుంచి దించుకుంటాం, వాక్యం మాత్రం మనదే ఉండాలి, మన ఊళ్ళో కంటితో చూసిన వస్తువు ఒకటి అందులో ఉండాలి. ఇంకో షరతు మా కొండరెడ్డి అమ్మాయి పెట్టింది, అదే అసలు కిటుకు. వాక్యం రాసినామె ఆ మాట మీద వేలు పెట్టి మూసి చదవాలి. మిగతా నలుగురిలో ఒక్కరైనా అక్కడ ఏ అర్థం రావాలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వాక్యం కొట్టేసి మళ్ళీ రాయాలి.

"షి ఈజ్ రిలక్టెంట్" అని రాస్తే పనికిరాదు. వేలు పెట్టి మూస్తే అక్కడ టాల్ అయినా పడుతుంది, యాంగ్రీ అయినా పడుతుంది. "అవర్ గోట్స్ ఆర్ రిలక్టెంట్ టు క్రాస్ ద స్ట్రీమ్ ఇన్ ఆగస్ట్" అంటే ఇంకే మాటా పట్టదు. ఆగస్టులో వాగు దాటమంటే మేక ఏం చేస్తుందో మాలో అందరం చూశాం. నాలుగు కాళ్ళూ నేలలో పాతేసి, తాడు లాగినా కదలకుండా మెడ వెనక్కి పెట్టేస్తుంది. ఆ మెడే రిలక్టెంట్. ఇక జన్మలో మర్చిపోం.

ఇలా చాలా వచ్చాయి. 'స్కార్స్' కి, ఈ ఏడు ఇప్పపువ్వు తక్కువ రాలింది కాబట్టి ఎలుగుబంట్లు ఊరి దాకా వచ్చాయి అని. 'ఫెర్మెంట్' కి, పొద్దున దించిన జీలుగు కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి మా మామ వేరే మనిషి అయిపోతాడు అని. (ఆ వాక్యం మేడమ్‌కి చూపించలేదు.) 'పెరిషబుల్' కి, వెదురు కొమ్ములు సంతకి తీసుకెళ్తే సాయంత్రంలోగా అమ్మేయాలి అని. 'పోస్ట్‌పోన్' కి, విజ్జ పండుం అయ్యేదాకా విత్తనం వెయ్యరు అని. దాని మీద పెద్ద గొడవ. అది వాయిదా వెయ్యడం ఎలా అవుతుంది, దాని టైం అదే కదా అని మా కోయ అమ్మాయే అడ్డం తిరిగింది. అరగంట వాదించుకుని ఆ వాక్యం కొట్టేశాం. అంత వాదించుకున్నాక పోస్ట్‌పోన్ ఎవరికీ పోలేదు.

సవర అమ్మాయి గురించి ఒకమాట. ఆగస్టు 29న కాలేజీలో తెలుగు భాషా దినోత్సవం చేశారు, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజని. వాడుక భాష కోసం పోరాడాడని నలుగురు మాట్లాడారు. సవర మాట ఒక్కరూ ఎత్తలేదు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నాడు, ఆ భాష మీద 1931లో మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయ్యాయి. ఆ రాత్రి మా పిల్ల అంది, "అయితే మా మాట నుంచి ఇంగ్లీషుకి ఎప్పుడో దారేసీసారు. మనం తెలుగు మీదుగా సుట్టు తిరిగొస్తన్నాం కదే." అప్పటి నుంచి నోటుబుక్కులో ఇంకో గడి గీశాం, అర్థం పక్కనే ఇంటి మాట రాసుకోవడానికి. కొన్నిటికి తెలుగులో మూడు మాటలు పట్టే చోట కోయలో ఒక్కటే సరిపోతుంది. కొన్నిటికి ఆ గడి ఖాళీగానే ఉంది, సెలవులకి వెళ్ళినప్పుడు పెద్దోళ్ళని అడగాలి.

ఇప్పుడు కాయితం సంగతి.

పోయిన డిసెంబరులో మా చింతూరు అమ్మాయికి వాళ్ళ తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ గుట్ట మీద ఒక బండ దగ్గరే వస్తుంది, వాడు అక్కడికెక్కి పంపాడు. కాయితం వాళ్ళ నాయనమ్మ పేరు మీద ఉంది. రెండున్నర ఎకరాల పోడు. కందులు, సామలు వేస్తారు, గట్ల మీద జీడిమామిడి. అటవీ హక్కుల చట్టం కింద పట్టాకి పెట్టుకున్న అర్జీ సబ్ డివిజన్ కమిటీ దగ్గర కొట్టేశారు. పైన రెండు లైన్లు తెలుగులో ఉన్నాయి. కారణం మాత్రం ఇంగ్లీషులో ఉంది, 13-12-2005 నాటికి 'నాట్ ఇన్ ఆక్యుపేషన్' అని.

ఆ అమ్మాయి ఫోను పట్టుకుని మంచం మీద కూర్చుని, "ఆక్యుపేషన్ లేదంటరేంది? ఒకటో తరగతి నుంచి ప్రతి ఫారంల ఆక్యుపేషన్ కాడ అగ్రికల్చర్ అనే రాసినం గదా" అంది. నిజమే. స్కాలర్‌షిప్ ఫారం, హాస్టల్ ఫారం, బ్యాంకు ఫారం, అన్నిట్లోనూ ఆ గడి ఉంటుంది. అందరం అదే రాశాం. మాకు ఆ మాటకి ఒకటే అర్థం, నాన్న చేసే పని.

డిక్షనరీ తీశాం. ఒకటో అర్థం పని, వృత్తి. కింద ఇంకో నెంబరు వేసి, ఒక ఇంట్లోగానీ నేల మీదగానీ ఉండి దాన్ని చేతిలో పెట్టుకోవడం అని ఉంది. కాయితం అంటున్నది అదీ. ఆ తేదీకి ఆ నేల మీద మీరు లేరు అంటోంది. మేం ఐదుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ అమ్మాయి పుట్టింది ఆ తేదీ దగ్గర్లోనే. వాళ్ళమ్మ నిండు కడుపుతో ఆ చేలో కంది కోసిందని ఇంట్లో చెప్తారట.

చట్టం పీడీఎఫ్ దింపుకున్నాం. 2006 చట్టం, మొత్తం 14 సెక్షన్లే, పెద్దదేం కాదు. తెలుగులో ఉన్న చిన్న పుస్తకం కూడా ఒక అన్న పంపాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని మూడు రాత్రులు చదివాం. అప్పటిదాకా రోజుకి ఐదు మాటలు, ఆ మూడు రాత్రులు లెక్కే లేదు. విచిత్రం ఏంటంటే, కొత్త మాటలు తక్కువ. తెలిసిన మాటలే వేరే బట్టలు వేసుకుని కూర్చున్నాయి.

ఆరో సెక్షన్‌లో ఉంది. కమిటీ నిర్ణయం వల్ల 'అగ్రీవ్డ్' అయిన మనిషి, నిర్ణయం తేదీ నుంచి 60 రోజుల లోపు, జిల్లా కమిటీకి 'మే ప్రిఫర్ ఎ పిటిషన్'. ప్రిఫర్ మాకు ఏడో తరగతి నుంచి తెలుసు. ఐ ప్రిఫర్ టీ టు కాఫీ. పిటిషన్‌ని ఇష్టపడటం ఏంటి? దేనికంటే ఎక్కువ ఇష్టపడాలి? ఫోన్లో యాప్ ఆ ఒక్క అర్థమే చూపించింది. లావు పుస్తకంలో చిట్టచివర, చిన్న అక్షరాల్లో, చట్టానికి సంబంధించిన వాడుక అని గుర్తు పెట్టి ఇంకోటి ఉంది. అధికారుల ముందు ఫిర్యాదు దాఖలు చెయ్యడం. ఇష్టంతో పనిలేదు. కాయితం రాసి పెట్టుకోవచ్చు అంటోంది.

'మే' కూడా అంతే. ఇట్ మే రెయిన్ అంటే వాన పడొచ్చేమో. ఇక్కడ మే అంటే బహుశా అనే అర్థం లేదు, నీకు ఆ హక్కుంది అని. 'అగ్రీవ్డ్' కి డిక్షనరీలో ముందు కోపంగా, బాధగా ఉన్న అని ఉంది. నాయనమ్మకి కోపం రాలేదు. కాయితం చదివి చెప్తే "సరేలే, నేలెక్కడికి పోతది" అని అడ్డాకులు కుట్టుకుంటూ కూర్చుందట. కానీ చట్టం లెక్కలో ఆమె అగ్రీవ్డే, ఎందుకంటే ఆమె హక్కుకి దెబ్బ తగిలింది. కోపం రానివాళ్ళు కూడా ఆ మాటలోకి వస్తారని తెలిశాక మాకెందుకో ఊపిరి వచ్చింది.

నాలుగో సెక్షన్‌లో ఐదో ముక్క 'సేవ్' అని మొదలవుతుంది. సేవ్ అంటే దాచుకోవడం, కాపాడటం, ఫోన్లో నెంబరు సేవ్ చెయ్యడం. ఇక్కడ 'తప్ప' అని అర్థం. వేరేగా చెప్పిన చోట తప్ప, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో ఉండే ఎస్టీలని వాళ్ళు సాగులో ఉన్న నేల నుంచి ఖాళీ చేయించకూడదు. అక్కడ కూడా అదే ఆక్యుపేషన్. ఇందాక మన మీదకి వచ్చిన మాట ఇక్కడ మన పక్క నిలబడింది. ఈ వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో, అర్థంతో సహా రాసి ఆ అమ్మాయి తమ్ముడికి పంపాం. ఎవరైనా వచ్చి అడిగితే చదివి వినిపించు అని.

రోజులు లెక్కపెట్టాం. నిర్ణయం తేదీ నుంచి ఫోటో వచ్చేసరికే 23 రోజులు పోయాయి. మేం చదవడంలో మూడు. మిగిలినవి 34.

రూల్స్‌లో సాక్ష్యాల పట్టిక ఉంది. గట్లు, చదును చేసిన నేల, గుడిసెలు ఉంటే చూపించొచ్చు. అర్జీ పెట్టినవాళ్ళు కాకుండా వేరే ముసలివాళ్ళ వాంగ్మూలం కూడా పనికొస్తుంది, కాకపోతే అది 'రిడ్యూస్డ్ ఇన్ రైటింగ్' అవ్వాలి. రిడ్యూస్ అంటే తగ్గించడం అని ఎకనామిక్స్‌లో రోజూ చదువుతాం. ఇక్కడ నోటిమాటని కాయితం మీద పెట్టడం. సంక్రాంతి సెలవులకి ఆ అమ్మాయి ఇంటికెళ్ళి ఊళ్ళో ఒక ముసలి తాతని కూర్చోబెట్టి అడిగింది. తాత కోయలో చెప్పాడు. 86లో గోదారి పెద్దగా వచ్చినప్పుడు శబరి ఎగదన్ని ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి, అందరూ గుట్టెక్కారు, ఆమె చేను పక్కనే తడికలు కట్టుకుని పది రోజులున్నారు, ఆమె చేలో పచ్చి కందికాయ ఇంకా రాలేదు, సామలు నూరి గంజి కాచింది. ఎవరి మేక కొట్టుకుపోయింది, ఎవరి బిడ్డకి జ్వరమొచ్చింది, ఆ గంజిలో ఉప్పు లేకపోతే ఎవరు పడవ మీద వెళ్ళి తెచ్చారు, అన్నీ చెప్పాడు. సాయంత్రం మొదలుపెట్టి చీకటిపడే దాకా. కాయితం మీదకి వచ్చేసరికి ఐదు లైన్లు. మా అమ్మాయి తిరిగొచ్చాక అంది, "ఆ మాట కరెక్టే పెట్టిన్రు. నిజంగనే రిడ్యూస్ అయింది."

1986 అంటే 2005 కంటే 19 ఏళ్ళు ముందు. ఆ ఐదు లైన్లు, గట్ల మీద జీడిమామిడి చెట్ల ఫోటోలు, గ్రామసభ తీర్మానం నకలు. పిటిషన్ తెలుగులోనే రాశాం, సెక్షన్ నెంబర్లు, ఆ నాలుగు మాటలు మాత్రం ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టు పెట్టాం. లా చదివే ఒక అక్క ఒకసారి చూసి రెండుచోట్ల సరిచేసింది. 52వ రోజున ఇచ్చి, స్టాంపు వేయించుకుని రసీదు తెచ్చుకున్నారు. ఇచ్చిన చోట ఒకాయన "ఇవన్నీ మీకెవరు రాసిచ్చారు" అని అడిగాడట. తమ్ముడు "అక్క హాస్టల్ల ఉంటది" అని మాత్రం చెప్పాడు.

ఇంకా పిలుపు రాలేదు. మాట చెప్పుకోడానికి తగిన అవకాశం ఇవ్వకుండా పిటిషన్‌ని మనకి వ్యతిరేకంగా తేల్చకూడదని అదే సెక్షన్‌లో ఉంది, 'రీజనబుల్ ఆపర్చునిటీ' అంటారు. రీజనబుల్ అంటే మాకు సంతలో ధర. ఆ మాటని కూడా నోటుబుక్కులో రెండు అర్థాలతో రాసుకుని ఎదురుచూస్తున్నాం.

అప్పటి నుంచి ఒక అలవాటు పడింది. తెలిసిన మాటని కూడా డిక్షనరీలో చూస్తాం, చివరి నెంబరు దాకా చదువుతాం. 'బోనాఫైడ్' అంటే మన హాస్టలోళ్ళకి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి తెచ్చుకునే సర్టిఫికెట్. అదే చట్టంలో, బతుకుతెరువు కోసం నిజంగా అవసరమైన అని చెప్పడానికి వాడారు. 'టైటిల్' సినిమాకి ఉంటుంది, నేలకీ ఉంటుంది. 'మైనర్' అంటే పద్దెనిమిది నిండనివాళ్ళు. 'మైనర్ ఫారెస్ట్ ప్రొడ్యూస్' లో వెదురు, తేనె, లక్క, తునికాకు, దుంపలు, మందుమొక్కలు అన్నీ వస్తాయి. మా అమ్మలు ఎండాకాలమంతా దేనిమీద బతుకుతారో అది చిన్నది! పేరు పెట్టినవాళ్ళకి కలప ఒక్కటే పెద్దదిగా కనపడింది కాబోలు. మన పేరు పక్కన రోజూ రాసే 'షెడ్యూల్డ్' కూడా చూశాం. బస్సుల టైం పట్టికా అదే మాట, చట్టం వెనక జతచేసే జాబితా అదే మాట. జాబితాలో ఎక్కినవాళ్ళం అని దాని అర్థం. ఇన్నేళ్ళు ఫారాల్లో రాస్తూ ఉన్నాం, దాన్ని విడదీసి చూసింది మాత్రం ఈ ఏడే.

అర్థం చెప్పడం అంటే చిన్న పని అనుకునేవాళ్ళకి ఒక ఉదాహరణ చెప్తాం. వెదురు గడ్డి జాతి, బోటనీ పుస్తకంలో ఉంది. 1927 అటవీ చట్టంలో మాత్రం 'ట్రీ' అనే మాట అర్థం రాసినచోట వెదుర్ని కూడా అందులో వేశారు. 2017లో సవరణ చేసి తీసేదాకా, 90 ఏళ్ళు చట్టం కాయితంలో అది చెట్టే. కొట్టినా మోసినా చెట్టు కొట్టిన లెక్క. ఒక్క మాట అర్థంలో ఏం చేర్చారు అన్నదాని మీద ఎంతమంది తట్టలు, చాపలు అల్లుకునేవాళ్ళ బతుకు ఆధారపడిందో మా బోటనీ అమ్మాయి చెప్పేదాకా మాకూ తెలీదు.

చెల్లీ, నువ్వు అడిగినదానికి వస్తే, రోజుకి పది మాటలు పెట్టుకోకు. ఐదు చాలు, పరీక్షలప్పుడు మూడు. అర్థం లర్నర్స్ డిక్షనరీలో చూడు, మీ కాలేజీ లైబ్రరీలో ఉంటుంది, బయటికి ఇవ్వకపోతే అక్కడే కూర్చుని రాసుకో. వాక్యం మాత్రం ఎవరిదీ దించుకోకు, నీ ఇంట్లోంచి తీసి రాయి, వేలు పెట్టి మూసి పక్కమ్మాయికి చదివి వినిపించు. ఒక్కదానివే ఉంటే రెండు రోజుల తర్వాత నువ్వే మూసి చదువుకో. పలకడం కోసం ఫోన్లో స్పీకర్ గుర్తు నొక్కి విను, తెలుగు అక్షరాల్లో రాసుకున్నా ఎవరూ ఏమనరు. మేం ఇప్పటికీ అలాగే రాసుకుంటాం. గ్రామర్ తప్పు పోతుందని వాక్యం రాయడం ఆపొద్దు, మేడమ్‌నో సీనియర్‌నో అడిగితే దిద్దుతారు.

మా నోటుబుక్కు ఇప్పుడు రెండోది నడుస్తోంది. మొదటిదాన్ని ఫోటోలు తీసి పీడీఎఫ్ చేస్తున్నాం, కల్లు వాక్యంతో సహా. చేతిరాత ఐదు రకాలుగా ఉంటుంది, సర్దుకోండి. అయ్యాక గ్రూపులో పెడతాం.

మీ ఇళ్ళకి వచ్చిన కాయితాల్లో, రేషన్‌దైనా, భూమిదైనా, ఆస్పత్రి చీటీ అయినా, అర్థం కాని ఇంగ్లీషు మాట ఉంటే కింద పెట్టండి. పేరు, ఊరు కనపడకుండా చెరిపేసి ఆ లైను ఒక్కటే పెట్టండి చాలు. రాత్రి తొమ్మిది నుంచి పదింటి దాకా చూస్తాం. సవర గడిలో మాత్రం ఇంకా చాలా ఖాళీలున్నాయి. సీతంపేట, భామిని, కురుపాం వైపు అన్నలూ అక్కలూ, 'రిలక్టెంట్' మేకకి మీ ఊళ్ళో ఏమంటారో రాయండి.